మా ఇంటికొచ్చిన ఇంక్వైరీ

మొన్న మనవరాలికి గాజులు తేవాలని లాడ్ బజార్ వెళ్లాను. లక్క గాజుల దుకాణంలో నా పక్కనే బురఖాలు వేసుకున్న అక్కాచెల్లెళ్లు ఇద్దరు కూర్చుని ఏదో సంబంధం గురించి మాట్లాడుకుంటున్నారు. "ఇంక్వైరీ బరాబర్ కరాయే నా? బాద్ మే రోతే బైఠనా నక్కో" అంది పెద్దామె. ఆరా సరిగ్గా తీయించారా, తర్వాత ఏడుస్తూ కూర్చోవద్దు అని. నా చెయ్యి గాజుల మీద అట్లాగే ఆగిపోయింది. "క్యా అమ్మా, రంగ్ పసంద్ నై ఆయా?" అని దుకాణదారు అడిగాడు. రంగు బాగానే ఉందని చెప్పి, కొనుక్కుని బయటికొచ్చాను. బస్సెక్కి కూర్చున్నా ఆ మాటే చెవిలో మోగుతోంది.

ఇంక్వైరీ అందరికీ తెలిసిన ఇంగ్లీషు మాటే. రైల్వే స్టేషన్లో ఆ మాట రాసి ఉన్న కిటికీ దగ్గర బండి ఎప్పుడొస్తుందో చెబుతారు. కానీ నా చిన్నప్పుడు పాతబస్తీ ఛత్రినాకలో, మా ఇంట్లో ఆ మాటకు ఒక అర్థం ఉండేది, మా గోడ అవతల ఇంకో అర్థం ఉండేది. ఆ సంగతి తెలిసేసరికి మా ఇంట్లో జరగాల్సిన నష్టం జరిగిపోయింది.

మా ఇంటికి ఒక పక్క పాల డైరీ. తెల్లారితే పేడ వాసన, తవుడు వాసన, పాల డబ్బాల చప్పుడు. ఇంకో పక్క ఖాలా ఇల్లు. ఖాలా అంటే పిన్నమ్మ, సందంతా ఆమెను అట్లాగే పిలిచేది. మధ్యలో మా అమ్మ భుజాల దాకా వచ్చే గోడ. సాయంత్రమైతే ఆ గోడ మీదుగా వేగిన ఉల్లిగడ్డ వాసన మా పెరట్లోకి దిగేది. ఖాలా అప్పటికే పెద్దావిడ. తెల్ల దుపట్టా, ఎప్పుడూ నోట్లో పాన్. భర్త పోయాడు. ఒక్కడే కొడుకు, సందు మలుపులో టైర్ల దుకాణం పెట్టుకున్నాడు. పంక్చర్లు వేసేవాడు, పాత టైర్లు కొని అమ్మేవాడు. ఖాలా మాట్లాడేదంతా ఉర్దూయే. మా అమ్మ నల్లగొండ దిక్కు పల్లె నుంచి కోడలిగా వచ్చింది. ఖాలా ఆమెను "దుల్హన్" అని, అంటే కొత్త పెళ్లికూతురని, పిలిచేది. అమ్మ వచ్చీరాని ఉర్దూలో జవాబు చెబితే, ఖాలా పాన్ పక్కకు నెట్టుకుని నవ్వేది.

మా బాపు బస్సు డిపోలో సామాన్ల స్టోర్‌లో పనిచేసేవాడు. ఆయన ఖాకీ చొక్కా ఎన్ని సార్లు ఉతికినా గ్రీజు వాసన పోయేది కాదు. ఆయన డిపోలో ఎంక్వయిరీ అంటే ఒక్కటే అర్థం: లోపలికి పోయిన మనిషి ఉద్యోగం లేకుండా బయటికొస్తాడు. బాపు దోస్తు ఒకాయన ఆదివారం ఆదివారం మా ఇంట్లో అన్నం తినేవాడు. ఆయన మీద ఎంక్వయిరీ పడింది. తర్వాత ఆయన అలియాబాద్‌లో రోడ్డు పక్కన మిరపకాయ బజ్జీలు వేస్తూ కనిపించేవాడు. బాపును చూస్తే తల తిప్పుకునేవాడు. అందుకని ఆ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనేవాళ్లు కాదు.

ఇంకొక సంగతి చెప్పాలి. మా పెరట్లో ఒక బస్సు టైరు ఉండేది. బొత్తిగా అరిగిపోయిన టైరు. డిపో ఆవరణలో ఎండకు ఎండుతుంటే ఫోర్‌మెన్ చూసి, "తీస్కపోరాదు, ఇంట్ల చెట్లు పెట్టుకుంటరు" అన్నాడట. బాపు తెచ్చి పడేశాడు. అమ్మ అందులో మట్టి నింపి పుదీనా, కొత్తిమీర వేసింది. ఆ పుదీనా ఎంత గుబురుగా పెరిగేదంటే, శుక్రవారం శుక్రవారం ఖాలా ఇంటికి ఒక పెద్ద కట్ట పోయేది. గిన్నెలో ఖట్టీ దాల్ అనే పుల్లపప్పో, బగారా అన్నమో తిరిగొచ్చేది.

మా ఇంట్లో చిన్నత్త కూడా ఉండేది. బాపు చెల్లెలు. ఆమెకు ఒక సంబంధం కుదిరి, ముహూర్తం పెట్టుకున్నాక తప్పిపోయింది. పిల్లకు నోరెక్కువని ఎవరో చెప్పారట. అప్పటినుంచి ఆమె పెళ్లి మాట ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. చిన్నత్త మధ్యాహ్నాలు ఖాలా వాళ్ల వాకిట్లో కూర్చుని దుపట్టాలకు గోటా జరీ అంచులు కుట్టేది. ఖాలా వాటిని లాడ్ బజార్‌లో ఒక దుకాణానికి ఇచ్చి వచ్చేది. ఖాలాతో కూర్చుని కూర్చుని చిన్నత్తకు ఉర్దూ నీళ్లలాగా వచ్చేసింది.

ఆ ఎండాకాలం మామిడికాయ తొక్కు పెట్టే రోజున మొదలైంది ఇదంతా. అమ్మ, చిన్నత్త పెరట్లో కాయలు కొడుతున్నారు. నేను ఉప్పు పట్టించిన ముక్కలు అమ్మ చూడకుండా లంగాలో దాచుకుని చప్పరిస్తున్నాను. గోడ మీద ఖాలా తల కనిపించింది.

"దుల్హన్! తుమారే ఘర్ కీ ఇంక్వైరీ ఆయీ థీ."

అమ్మ చేతిలో కత్తి ఆగింది. "ఎవరు ఖాలా? కౌన్?"

"సఫారీ పహనే సో సాబ్. డైరీ కనే పూఛే, కిరానా కనే పూఛే, ఫిర్ మేరే కనే ఆయే. మై సబ్ బోల్ దీ!"

సఫారీ సూటు సారొకాయన మా ఇంటి గురించి డైరీలో, కిరాణా కొట్లో అడిగి తన దగ్గరికి వచ్చాడని, అంతా చెప్పేశానని ఖాలా మురిసిపోయి నవ్వింది. అల్లా మంచే చేస్తాడని కూడా అంది. ఇంకేం చెప్పకుండా దిగిపోయింది.

ఆ పూట తొక్కులో అమ్మ ఉప్పు రెండు సార్లు వేసింది. బాపు రాగానే చెంబుతో నీళ్లిచ్చి, తలుపు దగ్గరగా వేసి సంగతి చెప్పింది. బాపు నీళ్లు తాగలేదు.

"స్టోర్‌ల టైర్లు తక్కువొచ్చినయని గుసగుస నడుస్తున్నది" అన్నాడు మెల్లగా. "నా దాంక వస్తదనుకోలె."

"మనమేం జేసినం? మనకేంది భయం?" అంది అమ్మ.

బాపు పెరటి వైపు చూశాడు. మేమందరం అటే చూశాం. పుదీనా గాలికి ఊగుతోంది.

"అది ఫోర్‌మెన్ ఇచ్చిందే గద" అంది అమ్మ.

"నోటితోని ఇచ్చిండు. ఆయన రిటైరై ఊరికి పోయిండు. ఇప్పుడెవరు చెప్తరు నేను దొంగతనంగ తేలేదని?"

అంతలోనే ఆమె మొహం మారింది. "ఆమె అంత నవ్వుకుంట చెప్పుడేంది? ఇంటికి ఎంక్వయిరీ వచ్చిందని నవ్వుతరా ఎవరన్న? కొడుకుది టైర్ల దుకాణం. దొంగ టైర్లు ఆడికే పోతయని ముందుగాల వాన్నే అడిగి ఉంటరు. కొడుకును తప్పించుకునేటందుకు మన దిక్కు చూపెట్టింది. సబ్ బోల్ దీ అంటున్నది, ఇనవడలేదా?"

"మెల్లగ మాట్లాడు. గోడ పక్కనే ఉంటది."

"ఉంటే ఏంది? ఆమెకు తెలుగొస్తదా? ఇన్నేండ్లల్ల ఒక్క ముక్కన్న మాట్లాడిందా?"

చిన్నత్త మాత్రం ఒప్పుకోలేదు. "ఖాలా గసువంటిది కాదు వదినా" అంది. అమ్మ ఆమె మీద విరుచుకుపడింది. "నీకు అందరు మంచోళ్లే. ఇగ నువ్వు ఆడికి పోవుడు బంద్."

అట్లా మా ఇంట్లోకి అనుమానం వచ్చి కూర్చుంది. సైకిల్ మీద ఎవడన్నా సందులో నెమ్మదిగా పోతే వాడు మా ఇల్లే చూస్తున్నాడనిపించేది. కరెంటు మీటరు చూసే మనిషి వస్తే అమ్మ తలుపు తియ్యలేదు. నన్ను గడప మీద కూర్చోబెట్టి సఫారీ వేసుకున్నవాళ్లు వస్తే చెప్పమన్నారు. నేను కనిపించిన ప్రతి సఫారీకి లోపలికి పరుగెత్తేదాన్ని. ఒకసారి అది మా బడి లెక్కల సారు. లోపలికి దూరి, అమ్మ వెనకాల నేనూ దాక్కున్నాను.

శుక్రవారం పుదీనా పోలేదు. ఖాలా ఎప్పటిలాగే ఖట్టీ దాల్ పంపింది. పోపులో వేసిన వెల్లుల్లి, కరివేపాకు వాసనకు నా నోట్లో నీళ్లూరాయి. "ముట్టకు! ఏం కలిపి పంపిందో" అని అమ్మ గిన్నె తీసుకుపోయి డైరీ వాళ్ల కుడితిలో పోసింది. గిన్నె కడిగి, ఖాళీగానే గోడ మీద పెట్టింది. మా సందులో ఖాళీ గిన్నె తిరిగి పంపడమంటే మొహాన తలుపు వేసినట్టే. పెరట్లో బట్టలు ఉతుకుతూ అమ్మ పైకే అనేది: "దొంగ టైర్లు కొనేటోడు కొడుకు, ఊరోళ్ల మీద చాడీలు చెప్పేది తల్లి. గోడ పక్కన పామును పెట్టుకున్నట్టుంది." అంతా తెలుగులోనే కదా అని ఆమె ధైర్యం.

తర్వాత ఖాలా తల గోడ మీద కనిపించడం మానేసింది. "చూసినవా, మొహం చూపెడ్తలేదు. తప్పు చేసినోళ్లు గట్లనే దాక్కుంటరు" అంది అమ్మ. మాకందరికీ అది నిజమే అనిపించింది.

చివరికి టైరును వదిలించుకోవాలని బాపు తేల్చాడు. చీకటి పడ్డాక పోతే అందరూ అరుగుల మీదే ఉంటారు. మిట్టమధ్యాహ్నం ఎండకు సందంతా పడుకుని ఉంటుంది, అప్పుడే మంచిదన్నాడు. డిపోకు సెలవు పెట్టాడు. అమ్మ పుదీనా వేళ్లతో సహా పీకింది. పెరడంతా ఘుమ్మని వాసన. మొక్కలను డాల్డా డబ్బాల్లోకి మార్చి, మట్టి తోడి పారేసి, టైరును నిలబెట్టారు. అది నా మెడ దాకా వచ్చింది. బాపు నెత్తికి తువాలు చుట్టుకుని, దాన్ని దొర్లించుకుంటూ వీధిలోకి పోయాడు. నేను తలుపు సందులోంచి చూస్తున్నాను.

మా సందు వాలుగా ఉంటుంది. డైరీ దాటేసరికి టైరు బాపు చేతిలోంచి జారింది. దానంతటదే పరుగు అందుకుంది. ఖాళీ పాల డబ్బాలకు కొట్టుకుంది. అవి ఘల్లుమని దొర్లాయి, బర్రెలు లేచి అరిచాయి. టైరు మలుపు దాకా పోయి కరెంటు స్తంభానికి తగిలి, గుండ్రంగా తిరిగి తిరిగి పడిపోయింది. దానికి రెండడుగుల అవతల, నల్ల గొడుగు పట్టుకుని, గోడకు అతుక్కుపోయి ఒక మనిషి నిలబడి ఉన్నాడు. సఫారీ సూటు.

బాపు ఆయన్ని చూశాడు. ఆయన బాపును చూశాడు. బాపు వెనక్కి తిరిగి పరుగు లంకించుకున్నాడు. ఒక చెప్పు దారిలోనే పోయింది. ఇంట్లోకి దూకి గొళ్లెం పెట్టి, బియ్యం బస్తా వెనకాల కూర్చున్నాడు.

కొంచెం సేపటికి తలుపు తట్టిన చప్పుడు.

"ఎవరు లేరు!" అని అమ్మ లోపలినుంచి అరిచింది.

"గదేందమ్మా, మీరు మాట్లాడవడ్తిరి గద?" అన్నాడు ఆయన.

"మేం కిరాయికున్నోళ్లం. ఇంటోళ్లు ఊరికి పోయిండ్రు."

ఆయన గొడుగు కొనతో గడప మీద తట్టాడు. "ఇంట్ల పెండ్లి కాని చెల్లె ఉన్నదంట గద?"

అమ్మ బాపు వైపు చూసింది. చెల్లెలి మీద కూడా కేసు పెడతారా అన్నట్టు బాపు చేతులు ఊపాడు. "చెల్లె లేదు, ఎవ్వరు లేరు! పోండ్రి!" అంది అమ్మ.

చెప్పుల చప్పుడు దూరమైంది. అమ్మ గోడకు చేరగిలబడి కూర్చుంది. చిన్నత్త మాత్రం వంటింటి గుమ్మంలో నిలబడి ఆలోచిస్తోంది.

"అన్నా, టైర్ల ఎంక్వయిరీకి వచ్చినాయన నా పెండ్లి సంగతి ఎందుకు అడుగుతడు?" అంది.

చిన్నత్త జవాబు కోసం ఆగలేదు. పెరట్లోకి పోయి, నీళ్ల తొట్టి మీద కాలు పెట్టి, గోడ దూకింది. నేనూ వెనకే దూకాను.

ఖాలా మంచం మీద కూర్చుని దుపట్టాకు జరీ కుడుతోంది. తలెత్తలేదు.

"ఖాలా, ఇంక్వైరీ బోలే తో క్యా?" అని చిన్నత్త అడిగింది.

ఖాలా సూది ఆపింది. ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది. ఇంక్వైరీ అంటే ఇంక్వైరీయే అంది. లడ్కీ ఎట్లాంటిది, ఇంటివాళ్లు ఎట్లాంటివాళ్లు అని పైగామ్ పంపే ముందు, అంటే సంబంధం అడగక ముందు, మొహల్లాలో అడిగి తెలుసుకోవడం. షాదీ మాట ముందే నోటితో అంటే నజర్, అదే దిష్టి, తగులుతుందని అట్లా అంటారట. వాళ్ల ఇళ్లలో ఆ మాట వినపడితే ఆడవాళ్లు మొహాలు కడుక్కుని పాలు పొయ్యి మీద పెడతారట.

ఆ సఫారీ ఆయన లాడ్ బజార్ దుకాణంలో లెక్కలు చూసే మనిషి. చిన్నత్త కుట్టిన దుపట్టాలు చూసి, ఈ చెయ్యి ఎవరిదని ఖాలాను అడిగాడు. ఆయనకొక మేనల్లుడు ఉన్నాడు. ఖాలాయే చిన్నత్త సంగతి చెప్పింది. ఒకసారి తప్పిపోయి మనసు విరిగిన పిల్ల, ఖాయమయ్యేదాకా ఇంక్వైరీ వచ్చిందన్న మాటకు మించి ఇంట్లో చెప్పొద్దని తనే అనుకుంది. ఆయన మొహల్లా అంతా అడిగి చివరికి ఆమె దగ్గరికి వస్తే, చిన్నత్త గురించి ఉన్న మంచంతా చెప్పింది. సబ్ బోల్ దీ.

చిన్నత్త నెత్తి పట్టుకుని కింద కూర్చుంది. తర్వాత లేచి గోడ దగ్గరికి పోయి, "వదినా, ఇటు రా" అని కేకేసింది.

అమ్మ వచ్చింది. చిన్నత్త చెప్పిందంతా విని, గోడ మీద రెండు చేతులూ పెట్టి, వచ్చినంత ఉర్దూ అంతా కూడగట్టుకుంది. "ఖాలా, మాఫ్ కరో. హమ్ కూ ఓ మాట సమజ్ నై హువా."

ఖాలా దారం పళ్లతో తెంపింది. సూదిని దుపట్టాకు గుచ్చి పక్కన పెట్టింది. అప్పుడు మాట్లాడింది. తెలుగులో.

"మీకు నా ఒక్క మాట సమజ్ కాలే. మీరన్న మాటలన్నీ నాకు సమజైనయమ్మా. నేను పుట్టింది పాలమూరుల. నా కొడుకు దొంగ టైర్లు కొంటడంటిరి. పప్పుల ఏమో కలిపిన్నంటిరి. గోడ పక్కన పామంటిరి."

నేను ఆమె నోట ఒక్క తెలుగు ముక్క కూడా అంతకు ముందు వినలేదు. చిన్నత్త కూడా నోరు తెరుచుకుని చూస్తోంది.

"మరి ఇన్నేండ్లు ఎందుకు మాట్లాడకపోతివి ఖాలా?" అంది అమ్మ.

"నువ్వు ఉర్దూ నేర్సుకుంటుంటివి. నీ నోట్లె ముద్దుగుండె. నేను తెలుగు మాట్లాడితే నువ్వు బంద్ చేస్తవని."

అమ్మ గోడ మీద తల ఆనించి ఏడ్చింది. ఖాలా ఆమె దగ్గరికి రాలేదు. కొడుక్కి అన్నం వండి పెట్టి, బురఖా వేసుకుని మా వీధి గుమ్మం ముందు నిలబడి, "రాండ్రి, ధూల్‌పేట్ పోదాం. పొద్దుగూకకముందే ఆ సఫారీ సారుకు చెప్పాలె" అంది బాపుతో.

ఆటోలో ఖాలా, బాపు, మధ్యలో నేను. ధూల్‌పేట్‌లో రోడ్డు పక్కంతా రంగు వేయని వినాయకులు, తడి మట్టి వాసన, గడ్డి వాసన. సఫారీ ఆయన ఇంట్లో లుంగీ మీద ఉన్నాడు. మమ్మల్ని చూడగానే లేచి నిలబడ్డాడు గానీ కూర్చోమనలేదు.

"కిరాయికున్నోళ్లు వచ్చిండ్రా, ఇంటోళ్లు వచ్చిండ్రా?" అన్నాడు.

బాపు తల వంచుకుని ఉన్నదున్నట్టు చెప్పాడు. ఫోర్‌మెన్ మాట, పుదీనా, డిపోలో గుసగుస, ఖాలా చెప్పిన మాటను తాము అర్థం చేసుకున్న తీరు. ఆయన అంతా విన్నాడు. మొహంలో అనుమానం పోలేదు. పట్టపగలు టైరు దొర్లించి పారిపోయిన మనిషి చెల్లెల్ని ఎవరు మాత్రం చేసుకుంటారు? ఆయన ఖాలా వైపు తిరిగాడు.

"పెద్దమ్మా, నీ మాట మీద వచ్చిన నేను. పిల్ల సంగతి నువ్వు చెప్పిన మాటే మాటనా?"

"పిల్ల బంగారం. దాంట్ల మార్పు లేదు."

"మరి ఇంటోళ్లు?"

ఖాలా వెంటనే చెప్పలేదు. బాపు చేతి వేళ్లు నా భుజం మీద బిగుసుకున్నాయి. ఆ ఒక్క నిమిషంలో ఆమె ఏమన్నా అనొచ్చు. అనడానికి ఆమెకు హక్కుంది. బాపుకు అది తెలుసు.

"మంచోళ్లే" అంది ఖాలా చివరికి. "భయపడేటోళ్లు."

సఫారీ ఆయన "భయమైతే నాకు గూడ అయింది. టైరు సక్కగ నా మీదికే వస్తుండె. ఎండల సఫారీ తొడుక్కొని పోయినందుకు మంచి మర్యాదే చేసిండ్రు" అన్నాడు. లోపల ఆడవాళ్లు నవ్వారు, ఆయనా నవ్వాడు. బాపు కూడా నవ్వాడు. ఖాలా నవ్వలేదు.

శ్రావణంలో చిన్నత్త పెళ్లి జరిగింది. పెళ్లి చీర అంచుకు జరీ కుట్టింది ఖాలాయే. డిపోలో టైర్ల గొడవ లెక్కలో పొరపాటేనని తేలింది. బాపును ఎవరూ ఏమీ అడగలేదు. ఆయన ఒకరోజు ఖాలా కొడుకు దుకాణానికి పోయి చాలాసేపు నిలబడి వచ్చాడు. ఏం మాట్లాడాడో ఇంట్లో చెప్పలేదు. గిన్నెలు మళ్లీ గోడ దాటాయి. చూసేవాళ్లకు అంతా మునుపటిలాగే ఉంది.

కానీ ఖాలా మా అమ్మతో, బాపుతో మళ్లీ ఎన్నడూ ఉర్దూలో మాట్లాడలేదు. "ఏం కూర వండిండ్రమ్మా?", "పిల్లకు జ్వరం తగ్గిందా?" అని శుభ్రమైన తెలుగులో, మర్యాదగా అడిగేది. దుల్హన్ అని పిలవడం మానేసింది. అమ్మ పట్టుపట్టి ఉర్దూలో ఏదన్నా అడిగితే, విని, తెలుగులో జవాబిచ్చేది. తప్పులు పట్టి నవ్వేది కాదు. చూశారా, మన కోసం ఎంత బాగా తెలుగు నేర్చుకుందో అని మా చుట్టాలు మెచ్చుకునేవాళ్లు. అమ్మ లేచి వంటింట్లోకి పోయేది. చిన్నత్త అత్తగారింటి నుంచి వచ్చినప్పుడు మాత్రం గోడ అవతల ఉర్దూ పారేది. ఇద్దరూ పడీ పడీ నవ్వుకునేవాళ్లు. అమ్మ బియ్యం ఏరుతూ చెవి అటే పెట్టి, "ఏమంటున్నరే?" అని నన్ను అడిగేది.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఖాలా ఇల్లు సగం పోయింది. కొడుకు వేరే చోట ఇల్లు చూసుకున్నాడు. సామాను బండి ఎక్కాక ఖాలా మా గుమ్మం దాకా వచ్చి, "పోయొస్తమమ్మా, మంచిగుండుండ్రి" అంది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఏదో అనబోయి, ఏ భాషలో అనాలో తెలియనట్టు ఆగిపోయింది. బండి కదిలింది.

ఆ రాత్రి అమ్మ అన్నం ముందు కూర్చుని, "ఆమె తెలుగు నాకంటె మంచిగుంటది" అంది. అంటూనే కొంగు నోట్లో కుక్కుకుని లేచిపోయింది.